విప్పి చూసే సుభానీ

చిలకలూరిపేటలో మా జెరాక్స్ కొట్టు పక్కనే సుభానీ కంప్యూటర్ రిపేరు కొట్టు. బోర్డు మీద పేరు కింద ‘విప్పి చూడనిదే నమ్మం’ అని రాయించుకున్నాడు. వాళ్ల నాన్న హుస్సేన్ సాహెబ్ గుంటూరు యార్డులో మిర్చి శాంపిల్ చూసేవాడు. టిక్కీ బస్తా మీద ఏం రాసున్నా సరే, కాయ విరిచి, గింజ చూసి, ఘాటుకి తుమ్మితే గాని రకం చెప్పేవాడు కాదు. కొడుకూ అంతే. ఏ కంప్యూటర్ తెచ్చినా ముందు మూత విప్పి, భూతద్దం పెట్టి చిప్పు మీద నంబరు చదువుతాడు. తుమ్ముతాడు కూడా, కాకపోతే అది దుమ్ముకి. మనిషి మంచివాడే గాని ఆ మొండితనమే భరించలేం.

2007లో పత్తి సీజను మొదలవుతుండగా హైవే మీది మిల్లువాళ్లు ఒక పెద్ద సర్వరు కొన్నారు. లారీలు తూచే కాటా దగ్గరున్న ముసలి కంప్యూటర్‌ని తీసేసి, సర్వరు లోపలే సాఫ్టువేరుతో ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి తయారుచేసి, అందులో విండోస్ ఎక్కించి కాటా ప్రోగ్రాంని నడపాలి. యజమాని వెంకటనారాయణ గారు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, సర్వరుకి బొట్టు పెట్టారు.

"సుభానీ, నాలుగింటికి మొదటి లారీ కాటా ఎక్కుద్ది. అప్పటికి ఇది నడవకపోతే మిల్లు పని విజయవాడ వాళ్లకిచ్చేస్తా. ఏమనుకోమాక" అన్నారు.

సుభానీ కొట్టు నడిచేదే ఆ మిల్లు పని మీద. నాకు ఆ రోజు గిరాకీ లేక, వేడుక చూద్దామని నేనూ వెంట వెళ్లాను.

డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య కంట్రోలర్ అని ఒక చిప్పు కూర్చుంటుంది. దాన్ని పలికించే డ్రైవరు ప్రోగ్రాం ఏదో సరిగ్గా ఎంచి ఫ్లాపీలో అందించకపోతే విండోస్‌కి డిస్కు కనపడదు. ఆ ఎంచడంలో సుభానీని మించినవాడు పేటలో లేడు. అలవాటు ప్రకారం, బొట్టు చెరగకుండా మూత విప్పాడు. నంబరు చదివి, ఆ చిప్పు డ్రైవరే ఎక్కించాడు. డిస్కు లేదంది విండోస్. మళ్లీ ఆపి, మళ్లీ విప్పి, ఎనిమిదిని మూడు అనుకున్నానేమోనని మళ్లీ చదివాడు. నన్ను నెట్ సెంటరుకి తరిమి ఇంకో ఫ్లాపీ తెప్పించాడు. అదీ లేదనే అంది. రెండు దాటింది. ఇక స్క్రూలు బిగించడం కూడా మానేసి జేబులో పోసుకున్నాడు. చొక్కా తడిసిపోయింది. నాకు నవ్వు పోయి జాలేసింది.

"ఆ ఉత్తుత్తి కంప్యూటర్ సాఫ్టువేరుతో పాటు ఒక ఫ్లాపీ ఇచ్చారుగా, అది పెట్టి చూడరాదూ" అన్నాను.

"దాని మీదున్న పేరుగల చిప్పు ఈ పెట్టెలో లేనే లేదు. లేనిదానికి డ్రైవరేంటి" అని కసిరి, ఆ ఫ్లాపీ మీద టీ గ్లాసు పెట్టాడు.

కాటా దగ్గర చీటీలు రాసే గురవమ్మ ఇదంతా చూస్తోంది. మిల్లుకి రాకముందు ఆవిడ యార్డులో మిర్చి తొడిమలు తీసేది.

"అబ్బాయ్, విండోసు ఎక్కించేది ఈ పెట్టెలోనా, లోపలి ఉత్తుత్తి దాంట్లోనా?" అంది.

"లోపలి దాంట్లో అక్కా."

"మరి ఈ పెట్టెలో చిప్పు దానికెట్టా కనపడుద్ది? యార్డులో రైతుకి కొనేవాడు కనపడతాడా? కమీషన్ కొట్టు గుమాస్తానే కనపడతాడు. రైతు మాట్లాడేది ఆయనతోనేగా. లోపలిదానికి కనపడే గుమాస్తా ఎవరో అది చూడు ముందు."

సుభానీ భూతద్దం జేబులో పెట్టుకుని, ఉత్తుత్తి కంప్యూటర్ సెట్టింగులు తెరిచాడు. దానికి ఇచ్చిన ఉత్తుత్తి కంట్రోలర్ పేరు అక్కడే రాసుంది. టీ గ్లాసు కింద ఉన్న పేరే. గ్లాసు ఎత్తి, ఫ్లాపీని చొక్కాకి తుడిచి ఎక్కించాడు. డిస్కు కనపడింది.

పావుగంట ఆలస్యంగా వచ్చిన లారీ నాలుగుంపావుకి కాటా ఎక్కేసరికి ప్రోగ్రాం నడుస్తోంది. వెంకటనారాయణ గారు మురిసిపోయారు.

"నీకున్న కన్ను ఎవరికీ లేదయ్యా. ఏదీ, ఆ భూతద్దం ఓసారి చూడనీ."

సుభానీ ఊరుకుంటే సరిపోయేది. గురవమ్మ కూడా తలెత్తకుండా చీటీ రాసుకుంటోంది. అతను జేబులోంచి భూతద్దం తియ్యకుండా గురవమ్మ వైపు చూపించాడు.

"ఇయ్యాళ కన్ను నాది కాదండి. గురవమ్మక్కది" అన్నాడు.

అంతకాలం పక్కనే ఉన్నా, వాణ్ణి చూసి నాకు ముచ్చటేసింది ఆ ఒక్కసారే. మిల్లు పని వాడికే ఉండిపోయింది. మర్నాడు పెయింటరుని పిలిచి, బోర్డు మీద పాత మాట కింద ‘అడగనిదే విప్పం’ అని రాయించాడు. ఎవరిని అడుగుతాడండీ అని వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు. హైవే మిల్లులో, కాటా దగ్గర కూర్చుంటుందావిడ అని చెబుతుంటాను.