లైన్‌లో నా చెప్పు

విజయవాడ నుంచి నా కొత్త ఎలక్ట్రిక్ కారులో సికింద్రాబాద్ చేరేసరికి బ్యాటరీలో ఐదు శాతమే మిగిలింది. ఏ.ఎస్. రావు నగర్‌లో స్నేహితురాలి పెళ్లి, ముహూర్తానికి ఇంకా గంటన్నరే ఉంది. చిలకలగూడలో ఛార్జింగ్ షెడ్డు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడ ఒక్క కారే ఛార్జ్ అవుతోంది! కానీ దాని వెనకాల మూడు చెప్పులు, ఒక్కోటీ ఒక్కో రకానిది, వరసగా ఉన్నాయి.

నేను తెల్లబోయి చూస్తుంటే, టీ తాగుతున్న క్యాబ్ డ్రైవర్ నవ్వాడు. "పరేషాన్ గాకు అక్కా. బండ్లు రోడ్డు మీదున్నయ్, లైన్ల చెప్పులు నిలబడ్డయ్. మా ఊర్ల యూరియా కోసం గిట్లనే పెడ్తం. నీది సుత ఒకటి పెట్టు."

ఎడమ చెప్పు విడిచి నాలుగోదిగా పెట్టాను. ముగ్గురి తర్వాతంటే తాళి కట్టడం కూడా అయిపోతుంది. ఆ మాటే పైకి అనేశాను.

"ముహూర్తం ఆగుతదా అక్కా?" అంటూ అతను, తనలాగే లైన్‌లో చెప్పులు పెట్టిన మిగతా ఇద్దరినీ పిలిచాడు. సంగతి వినగానే వాళ్లే వంగి, నా చెప్పును తమ చెప్పుల ముందుకు జరిపారు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

ముందున్న కారు కదలగానే నాది పెట్టాను. నలభై శాతం ఎక్కగానే అందరికీ చెయ్యి ఊపి ఒక్క పరుగున కారెక్కాను. క్లచ్ లేని కారు కదా, దారి పొడుగునా ఎడమ కాలికి పనే పడలేదు. మండపం ముందు దిగితే ఆ కాలు ఎండకు చుర్రుమంది.

నా చెప్పు ఇంకా చిలకలగూడలో, లైన్‌లో మొదటిదిగా నిలబడే ఉంది.