సిలబస్ పూర్తి చేయని పెద్దనాన్న

మా పెద్దనాన్న యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసర్. ఏనాడూ సిలబస్ పూర్తి చేసిన పాపాన పోలేదు. చివరి బెంచీవాడికి కూడా అర్థమైతే తప్ప పేజీ తిప్పడు, అదీ ఆయన జబ్బు. చివరికి విధుల్లో నిర్లక్ష్యమని, ఉద్యోగంలోంచి తీసేయడానికి ముగ్గురితో విచారణ కమిటీ వేశారు.

"అక్కడైనా ముక్తసరిగా మాట్లాడి రండి," అంది పెద్దమ్మ, ఆయన చొక్కా మీది సుద్దపొడి దులుపుతూ.

"ఒక్క సూత్రానికి నెల రోజులా? అంత ఏముందండీ అందులో?" అని గద్దించాడు కమిటీ అధ్యక్షుడు. అడక్క అడక్క ఈయన్నే అడగాలా ఆ మాట? పెద్దనాన్న జేబులోంచి సుద్దముక్క తీసి బోర్డు దగ్గరికి నడిచాడు.

కాసేపటికి అధ్యక్షుడూ, పక్కనున్నాయనా ఆరోపణల కాగితం వెనకే లెక్క చేసేస్తున్నారు. మూడో ఆయన చరిత్ర ప్రొఫెసర్. పాపం, బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు.

"మీకు అర్థం కాలేదు కదూ?" అన్నాడు పెద్దనాన్న.

"లేదండీ."

"తప్పు నాదే. మళ్ళీ మొదటినుంచీ చెబుతా," అంటూ బోర్డంతా తుడిచేశాడు.

చీకటి పడ్డాక ఇంటికొస్తే పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తీసేశారా?"

"ఇంకా లేదే. చరిత్రాయనకి ఒక సందేహం మిగిలిపోయింది. ముగ్గుర్నీ రేపు రమ్మన్నాను."