రాహుకాలంలో వెళ్ళిన ఫైలు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన కాలం మీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ విప్పిన చెప్పులు వరసగా సర్దింది నేనే. ఇప్పుడు చేపలమ్మే మా పక్కింటావిడ కూడా బుట్ట నెత్తిమీద, ఫోను చెవి దగ్గర పెట్టుకుని భావనపాడు వాళ్ళతో బేరమాడుతుంది. అప్పట్లో ఆ పెట్టె ముందు మీసాలున్న మగాళ్ళు కూడా గొంతు తగ్గించేవారు, లోపలెవరో పసిబిడ్డని పడుకోబెట్టినట్టు. నాకా చదువు లేదు. సంతకం వచ్చు, అది కూడా పైనుంచి కిందకి జారిపోతుంది. (ఇది నేను చెబుతుంటే రాసిపెడుతున్న మా ఆడపడుచు నవ్వుతోంది. నవ్వితే నవ్వావు గానీ ఒక్క మాట వదలకుండా రాయి అన్నాను.) అలాంటిదాన్ని ఒకసారి కంప్యూటరు మీద పందెం కట్టాను. ఇది ఆ సంగతి.

మా ఆయన పోయి ఏడాది తిరక్కుండానే పూండిలో జీడిపిక్కల షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాను. ఇరవై ఆరేళ్ళు నాకు. ఇద్దరు పిల్లలు, ఆ పని తప్పితే ఇంకో ఆధారం లేదు. ఉద్దానం తోటల పిక్కలన్నీ ఆ షెడ్డుకి వచ్చేవి. గోనె విప్పి, నాలుగు పిక్కలు కోసి, లోపలి పప్పు కనబడేలా ఫోటో తీసి గుమస్తా బాబు కంప్యూటరులో పెట్టేవాడు. ఇక్కడ పెట్టింది పలాస ఫ్యాక్టరీ కంప్యూటరులో దానంతటదే కనబడాలి. అక్కడివాళ్ళు చూసి సరేనంటేనే ఇక్కడ లారీ ఎత్తేది. మొదట్లో టీ తాగేలోగా చేరేవట. పోనుపోను ఆలస్యం పెరిగి, పొద్దున్న ఎనిమిదికి పెట్టినవి భోజనాల వేళకి గానీ చేరేవి కావు. రైలెక్కితే కాసేపట్లో వచ్చే పలాసకి ఒక బొమ్మ వెళ్ళడానికి నాలుగు గంటలు! ఎండలో గోనెలు, గోనెల పక్కన పనిలేని ఆడవాళ్ళు, ఫోనులో మా షెడ్డు షావుకారు తిట్లు. వైరు మార్చారు, మినుకుమినుకుమనే పెట్టె మార్చారు, టెక్కలి నుంచి ఒకాయన వచ్చి రెండు టీలు తాగి తల గోక్కుని వెళ్ళాడు.

అసలు కారణం మా గుమస్తా బాబు కనిపెట్టాడు. ఆయన్ని అందరం చాటుగా ముహూర్తం బాబు అనేవాళ్ళం, తుమ్ము వచ్చినా పంచాంగం చూసి గానీ తుమ్మడని. ఒకరోజు నేను తలుపు వెనక ఊడుస్తుండగా షావుకారుతో ఆయన అంటున్నాడు, “మిసను మంచిదే, వైరూ మంచిదే. పొద్దున్నే ఎవులి మొఖం సూసి మొదలెడతన్నామో, అదే బాగోలేదండి.” ఎవరి ముఖమో పేరు పెట్టి చెప్పక్కర్లేదు కదా. షెడ్డులో మొగుడు పోయినదాన్ని నేనొక్కదాన్నే. మర్నాటి నుంచి ఆ బొమ్మల ఫైలు వెళ్ళాకే, అంటే పన్నెండు దాటాకే రమ్మన్నారు. వచ్చాను. నేను లేకపోయినా ఫైలు తొందరగా వెళ్ళలేదు. అప్పుడు ముహూర్తం బాబు, నిన్నటి అడుగులు గదిలో మిగిలిపోయాయి అన్నాడు. తుడిచేది నేనేనాయె, నా అడుగులు నేనే సరిగ్గా తుడవలేదని కూడా నేరం నామీదే పడింది. వారం తిరిగేసరికి షావుకారు నా వంక చూడకుండా, “సోమారం నుంచి నువ్ రానక్కర్లేదమ్మా” అన్నాడు.

ఆ రోజు ఏడుస్తూనే కంప్యూటరు బల్ల తుడిచాను. తుడుస్తూ ఆ అద్దం వంక చూశాను. పన్నెండు దాటినా ఇంకా పలాసకి వెళుతున్న బొమ్మలు ఒక మూల చిన్నచిన్నగా ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. అందులో ఒక గోనె దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. చిరుగుని నీలం దారంతో కుట్టిన గోనె అది. కుట్టింది నేనే, మా వీధిలో వల అల్లుకునేవాళ్ళని అడిగి తెచ్చిన దారంతో. ఆ గోనె పలాస వెళ్ళి మూడు వారాలైంది. ఆ పిక్కలు ఉడికి, పగిలి, పప్పయి, ఏ పెళ్ళి పాయసంలోనో పడి ఎవరి కడుపులోకో కూడా పోయుంటాయి. మరి బొమ్మ ఇవాళెందుకు వెళుతోంది?

పలాస ఫ్యాక్టరీలో ఊడ్చేది మా పెద్ద తోటికోడలు, అప్పా అని పిలుస్తాను. షెడ్డు బయటికొచ్చి ఫోను చేశాను. “అప్పా, మీ కాడ పెట్టెలో నీలం దారం గోనె ఏటైనా అవుపడతందేటి?” అంటే, ఆవిడ వెంటనే, “ఓలమ్మా, రోజూ అదే కదే. నిన్నా ఒచ్చినాది, మొన్నా ఒచ్చినాది. ఆ ఒక్క గోనెని ఎన్నిమార్లు పంపుతారే మీవోల్లు?” అంది.

ఇక ముహూర్తం బాబు దగ్గరికి వెళ్ళి, పొద్దున్న పని ఎలా మొదలెడతారని తెలియనట్టు అడిగాను (తెలియనట్టు నటించక్కర్లేదు, నిజంగానే తెలియదు). ఆయన గర్వంగా చెప్పాడు. మొదట ఒకరోజు కాస్త ఆలస్యమైన నాటి నుంచి దోషం పోవడానికి రోజూ మంచి ఘడియ చూసి, శ్రీకారంతో కొత్త పేరు పెట్టి, కంప్యూటరులో కొత్త సంచి లాంటిది ఒకటి తెరుస్తున్నాడట. ఖాళీగా తెరిస్తే అశుభం కాబట్టి పాతవన్నీ అందులో మళ్ళీ పోసి, పైన ఇవాళ్టివి వేస్తాడట. అంటే పేరు మారింది కదా అని ఆ పిచ్చి మిషను సీజను మొదటి గోనె నుంచి మొత్తం రోజూ మళ్ళీ పలాసకి మోస్తోంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆయన శ్రీకారాలు, శ్రీకారాలు పెరిగేకొద్దీ ఆలస్యం, మధ్యలో నా ముఖం!

సరాసరి షావుకారు ముందుకి వెళ్ళి నిలబడ్డాను. నా నోటికి వణికే అలవాటు లేదు. “బాబూ, వైరులో పోయినదాన్ని ఆపీసే బలం నా మొఖానికుంటే, తుపానొచ్చినప్పుడు నన్ను సముద్రం ఒడ్డున నిలబెట్టండి, ఊరైనా బతుకుద్ది” అన్నాను. షావుకారు కళ్ళజోడు తీశాడు. సోమవారం ఒక్కరోజు కొత్త సంచి తెరవొద్దు, శనివారం నాటి దాన్లోనే కొత్త ఫోటోలు వెయ్యండి, మొదటి నుంచి చివరిదాకా నేను కంప్యూటరుకి ఎదురుగా కూర్చుంటాను, టీ మరిగేలోగా పలాస చేరకపోతే ఇటు గుమ్మం తొక్కను అన్నాను. ముహూర్తం బాబు సోమవారం ఏడున్నర నుంచి రాహుకాలం అన్నాడు. “అయితే ఏడున్నరకే నొక్కండి బాబూ. నానూ రాహువూ కలిసే కూకుంటాం” అన్నాను.

కూర్చున్నాను. అంత మాట అన్నదాన్ని, ఆయన మీట నొక్కగానే కళ్ళు మూసుకుని ఏసయ్యా ఏసయ్యా అనుకున్నాను. (ఒక కన్ను సగం తెరిచే ఉంచాను, ప్రార్థన ప్రార్థనే, కాపలా కాపలాయే.) పాత గోనె ఒక్కటీ కదల్లేదు. ఆ రోజువి పద్నాలుగు బొమ్మలు, వాటంతట అవి మెల్లగా జారాయి. పొయ్యి మీద పాలింకా పొంగనే లేదు, షావుకారు ఫోను మోగింది. పలాస మేనేజరు గొంతు గదంతా వినిపించింది. “ఒచ్చీసాయండి. ఇయ్యాల మిసను మార్చారేటి?” షావుకారు నా వంక చూసి, లేదయ్యా, ముహూర్తం మార్చాం అన్నాడు. బయట ఆడవాళ్ళు లేచి గోనెలకి చేతులు వేశారు.

ఇక నా పని పోదని తెలిసింది. అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు పొద్దున్న ముహూర్తం బాబు మీట మీద వేలు పెట్టి నాకోసం ఎదురుచూస్తున్నాడు. నేను ఎదురుగా నిలబడితే గానీ నొక్కడట. నాకు చిర్రెత్తింది. “నిన్నటి దాక శని, ఇయ్యాల లచ్చిమినా? రెండూ నాకొద్దు బాబూ. అది వైరులో ఎల్తంది, నా మొఖంలోంచి కాదు” అని బకెట్టు తీసుకుని వెనక్కి తిరిగాను. షావుకారు పడీపడీ నవ్వి, మరి నీకేం కావాలో అడుగు అన్నాడు.

ఆ నిమిషాన ఏమడిగినా ఇచ్చేవాడు. ఆ బొమ్మల కింద పేర్లు రాసుండేవి, అవి చదవడం నేర్పించమని అడగొచ్చు. ఆ కుర్చీలో రోజుకో గంట కూర్చోనివ్వమని అడగొచ్చు. రాహువునే పక్కన కూర్చోబెట్టుకున్న అప్పటి నాలోని ఆ పిల్లకి అడగడం మాత్రం తెలియలేదు. గొప్పగా ఆలోచించి, ఒక కొత్త చీపురు కావాలంది. ఇప్పుడు తలుచుకుంటే దానిమీద కోపం రాదు, దగ్గరికి తీసుకుని తల నిమరాలనిపిస్తుంది. చీపురు మాత్రం మంచిదే కొన్నాడు, రెండు సీజన్లొచ్చింది.