పారబోయకూడని నీళ్లు

పక్క ఫ్లాట్ అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సైన్స్ పార్క్ ఆఫీసులో ఉన్నాను. వినగానే "మరి మొక్క?" అన్నాను. ఛీ, అదా అడగాల్సింది! ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సెంగ్‌కాంగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఆయన పెంచిన కూజా మొక్క అది. ఆకు కొసన మూత ఉన్న చిన్న కూజా వేలాడుతుంది. అందులోని నీళ్లలో పడ్డ చీమా దోమా దానికి తిండి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ దేశంలో గుంపులుగా దిగుతున్న రోజుల్లో, ఆఫీసుల కోసం సైన్స్ పార్క్ దగ్గరి కొండవాలు చదును చేశారట. యంత్రాలు వచ్చే ముందురోజు అంకుల్ ఈ ఒక్కదాన్ని మట్టితో సహా తెచ్చుకున్నారు.

"అడవిలోది పీకకూడదమ్మా. నేను పీకాను. కాపాడానో, దొంగిలించానో నాకే తెలీదు," అనేవారు. నాకూ తెలీదు. నేను పనిచేసే బిల్డింగ్ ఆ వాలు మీదే ఉంది.

ఎరువు వేద్దామంటే నవ్వేవారు. "బాగా మేపితే కూజా కట్టదు, ఉత్త ఆకులే. మీ ఐటీ వాళ్లకి చెప్పు!"

ఒకసారి మలేషియా వెళ్తూ దాన్ని నాకు అప్పజెప్పారు. మర్నాడే దోమల తనిఖీ అని లిఫ్ట్ దగ్గర కాగితం అంటించారు. ఇక్కడ నీళ్లు నిలిస్తే జరిమానా. నేను మహా తెలివిగా కూజాలన్నీ ఒంచి పారబోశాను. ఆయన వచ్చేసరికి అన్నీ ఎండి వేలాడుతున్నాయి.

"ఇన్‌స్పెక్టర్‌కి భయపడ్డావా? పర్లేదు లా," అన్నారు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి. "కానీ అవి మురికినీళ్లు కాదు తల్లీ, దాని కడుపు."

తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది.

దినాలయ్యాక ఆంటీ పాయా లేబర్ వైపు ఉండే కూతురి దగ్గరికి వెళ్లిపోతూ మొక్కను నా చేతిలో పెట్టారు. "కొండకి తిరిగి ఇచ్చేయాలి అనేవారమ్మా. ఎక్కడివ్వాలో చెప్పలేదు."

ఆదివారం కుండీని సంచిలో పెట్టుకుని ట్రైన్ ఎక్కాను. ఆఫీసు చుట్టూ కార్ పార్కు, కత్తిరించిన గడ్డి. మిగిలిన కాస్త వాలుకీ కంచె. లోపల నాటితే బతుకుతుందా? మళ్లీ నా చేతులతోనే చంపుతానా? ఎవర్ని అడగాలి? అడిగితే ఆయన్నే అడగాలి, ఆయనేమో లేరు. ఏడుపొచ్చింది. అదే ట్రైన్‌లో వెనక్కి తెచ్చేశాను.

నిన్న దోమల తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టార్చ్ వేసి చూసి, "వాటర్ ఇన్‌సైడ్ లా, ఆంటీ. హౌ?" అన్నాడు నాతో. లోపల నీళ్లున్నాయి, మరి ఏం చేద్దామని.

ఈ నెల కట్టిన కొత్త కూజా, మూత ఇంకా విచ్చుకోలేదు. టార్చ్ వెలుగులో దాని పల్చటి గోడలోంచి లోపలి నీళ్లు కదులుతూ కనిపించాయి. దాన్ని రెండు చేతులతో కప్పుకుని అలాగే నిలబడ్డాను.