కాలవ కట్టేశాకే పునాది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పవర్ ప్లాంటు సంగతి వాళ్లకి తెలియదు పాపం! ఉంగుటూరు దగ్గర రైసు మిల్లర్లంతా కలిసి, ఊకతో కరెంటు తీసే ప్లాంటు కడతామని 2003లో బయల్దేరారు. ఖర్చు అంచనా దాటిపోయే ప్రమాదం ఎంతో తేల్చే పని ఏలూరు ఇంజనీరు ప్రసన్నకుమారి మీద పడింది. ఆమె సంతకం పెడితేనే బ్యాంకు అప్పిస్తుంది.

ఆమెది ఆ పక్క ఊరే. చిన్నప్పుడు తండ్రి ఇస్సాకు, తోటి కూలీలు కలిసి చర్చి మొదలుపెట్టారు. గోడలు లేచేసరికి డబ్బయిపోయింది. ఏళ్ల తరబడి వానాకాలమంతా గొడుగుల కిందే ప్రార్థన. మొండిగోడ కనబడితే ఆమెకి ఇప్పటికీ గుండె చివుక్కుమంటుంది. ఈ ప్లాంటుకి ఆ గతి పట్టకూడదు. అలాగని వద్దనడానికీ మనసొప్పలేదు, ఊళ్లో ఎంతోమందికి పని దొరుకుతుంది మరి.

బాయిలరు, ఇనుము ధరలు పెరిగితే ఎంతవుతుందో మిల్లర్లు బాగానే లెక్కేశారు. పునాది దగ్గరే పప్పులో కాలేశారు. శ్రావణంలో శంకుస్థాపనట! అప్పటికి కాలవలకి నీళ్లు వదిలేస్తారు. ఆ నల్లమట్టిలో ఎక్కడ తవ్వినా నీరు ఊరుతుంది. తోడినకొద్దీ ఖర్చే.

మిల్లర్ల పెద్ద భీమశంకరం వినలేదు. "ముహూర్తం పెట్టేశామండీ. మెషిన్లవాళ్ల షెడ్యూలూ అదే. ఇప్పుడు కాదంటే నలుగురూ నవ్వరూ?"

ప్రసన్నకుమారికి ఒళ్లు మండింది. అయినా నెమ్మదిగానే అడిగింది. "మీ ఇంటికి పునాది ఎప్పుడు తీశారండీ?"

"వైశాఖంలో, కాలవలకి నీళ్లు కట్టేశాక. ఎవరైనా అంతే కదండీ..." అంటూనే ఆగిపోయాడు. "ఓర్నాయనో! ప్లాంటనేసరికి మా బుర్రలు మెషిన్లవాళ్లకి అప్పజెప్పేశామండీ!" అని పకపకా నవ్వాడు. "మరి ఆగితే ధరలు పెరగవూ?"

"పెరుగుతాయండీ. అదీ కలిపే అంచనా రాశాను. నీళ్లు తోడుకోవడం కన్నా అదే నయం."

ముహూర్తం వైశాఖానికి మారింది. ఆమె సంతకం పెట్టింది.

మరుసటి వేసవిలో పొడిగోతుల్లో కాంక్రీటు పడింది. గోడలు లేస్తుంటే ఇస్సాకు ప్రతి ఆదివారం వచ్చి చూసేవాడు. "దీనికైనా కప్పు పడుతుందా అమ్మా?" అనేవాడు. పడుతుంది నాన్నా అంటూనే, ఆమె ఖర్చు లెక్కలు మళ్లీ చూసుకునేది.

కప్పు రేకులు బిగించాక తండ్రిని లోపలికి తీసుకెళ్లింది. ఇంతలో జోరున వాన దిగింది. ఇస్సాకు అలవాటు కొద్దీ గొడుగు విప్పబోయి, పైకి చూశాడు. ఒక్క చుక్క పడలేదు. గొడుగు విప్పకుండానే కూతురి చేతికిచ్చేశాడు.