చివరి రేకు దగ్గర ఆగిపోయే పెద్దమ్మ

ముప్పై ఏళ్లుగా క్రోషియా సూదీ ఊలు ఉండా పట్టుకుని పువ్వులు అల్లుతున్నా, ఒక్క పువ్వునైనా తన చేత్తో తాను పూర్తి చేసిన పాపాన పోలేదు పెద్దమ్మ. నాలుగు రేకులు చకచకా వచ్చేస్తాయి. ఐదో రేకు దగ్గర ఎక్కడో కుట్టు తప్పుతుంది. ఇక పక్కన ఎవరున్నారో వాళ్ల పని అయిపోయినట్టే.

"బాబ్బాబు, కాస్త ఇది చూసిపెట్టు నాయనా! కళ్లు ఆనడం లేదు."

పన్ను పీకించుకోవడానికి గజగజలాడుతూ వచ్చిన ఒకాయన, ఈవిడ రేకు విప్పే గొడవలో పడి డాక్టరు ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. బస్సులో పక్కన కూర్చున్న పాపానికి ఇంకొకాయన దిగాల్సిన స్టాపు దాటిపోయాడు. ఇంట్లోవాళ్లు గడుసువాళ్లు. ఊలు సంచీ కనబడితే చాలు, ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. పెదనాన్నయితే నేరుగా స్నానాల గదిలో దూరతాడు. అలా స్నానం మీద స్నానం చేసి జలుబు తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి.

తరచుగా దొరికిపోయేది చెల్లెలి కూతురు పండు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. పక్క సీట్లో కూర్చుని ఎదుటివాళ్ల తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం. తప్పు కళ్లబడిందా, కుడికాలు దానంతటదే బ్రేకు కోసం వెతుక్కుంటుంది.

ఆ పండు ఇవాళ ఆసుపత్రి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. లోపల వాళ్లమ్మకి గుండె ఆపరేషను. తలుపు మీది ఎర్ర దీపం ఎంతకీ ఆరదు. కూర్చుంటుంది, లేస్తుంది, తలుపు దగ్గరికి వెళుతుంది, వాచ్‌మన్ వద్దన్నాక వెనక్కి వస్తుంది. బల్ల మీద పెద్దమ్మ తాపీగా పసుపుపచ్చ పువ్వు అల్లుతోంది.

"పండూ, ఈ రేకు చూడవే. కుట్టు తప్పినట్టుంది."

"పెద్దమ్మా! లోపల ఉన్నది నీ సొంత చెల్లెలు. ఇప్పుడు పువ్వులేంటి నీకు?"

"దాని మంచానికి కడదామని..."

"అసలు నీకు భయం వేయదా?"

"వేయకేం? ముందిది చూడు."

పండుకి ఒళ్లు మండిపోయింది. ఈవిడది గుండెనా, బండరాయా? విసురుగా అటు తిరిగింది. పెద్దమ్మ ఊరుకుంటుందా, వాచ్‌మన్‌ని పిలిచి పువ్వు చేతిలో పెట్టింది. ఆయన సూదిని తిరగేసి పట్టుకుని రేకులోకి ఒక్క పోటు పొడిచాడు.

"అయ్యో, అలా కాదు!" పండు కుడికాలు నేలని తొక్కేసింది. "ఇలా ఇవ్వండి!"

కూర్చుంది. రేకంతా విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

"బిగుసుకుపోయింది కాబోలే," అంది పెద్దమ్మ.

"నాకు వదులుగా ఉన్నట్టుందమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"ఇద్దరూ కాస్త నోరు మూసుకుంటారా!" అని మళ్లీ విప్పింది పండు. ముగ్గురి తలకాయలూ పువ్వు మీద ఒక్కచోట చేరాయి. ఎర్ర దీపం ఎప్పుడు ఆరిందో ఎవరూ చూడలేదు.

"అమ్మా, ఆపరేషను..."

"ఒక్క క్షణం ఆగండి, కుట్టు జారిపోతుంది!" అంది పండు తలెత్తకుండా.

డాక్టరు ఆగాడు. కుట్టు పడింది. పండు తలెత్తి చూసి గతుక్కుమంది.

"బాగా జరిగింది," అన్నాడాయన నవ్వుతూ. "కాసేపట్లో చూడొచ్చు."

పండు ఏడ్చింది, నవ్వింది, వాచ్‌మన్‌కి దండం పెట్టింది. తీరా పక్కకి చూస్తే పెద్దమ్మ ఆ తలుపుకేసే చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు ధారలుగా కారుతున్నాయి. ఒళ్లో మాత్రం ఇంకో సూదితో చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నాలుగు రేకులు, ఐదో రేకు, ముడి, పుటుక్కున దారం తెంపడం. కన్నెత్తి చూడకుండానే ఇంకోటి మొదలైంది.

"పెద్దమ్మా! ఐదో రేకు!"

పెద్దమ్మ చేతిలోకి చూసుకుని దొంగలా దొరికిపోయింది. "ఏదో... వచ్చేసిందే."

"ఇన్నేళ్లూ అందరిచేతా కావాలనే విప్పించావా?"

"నీకు చేతిలో పని లేకపోతే ప్రాణం నిలవదు కదే. నువ్వేంటి, అందరూ అంతే."

పండు పెద్దమ్మకి దగ్గరగా జరిగింది. వాళ్లమ్మ కంటే ముందు పుట్టిన మనిషి, ఆ చెల్లెల్ని ఎత్తుకుని పెంచిన మనిషి. "మరి నీకెవరు పనిచ్చారు పెద్దమ్మా, ఇంతసేపూ?"

"పొద్దున్నించీ నన్ను తిడుతూనే ఉన్నావుగా. దాంతో గడిచిపోయింది." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. చేతులు ఇప్పుడు గడగడా వణుకుతున్నాయి. "దాన్ని చూడనిచ్చేదాకా ఇంకాస్త తిట్టవే, బంగారుతల్లివి."

పండు ఆ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, గొంతు సవరించుకుని, తిట్టడం మొదలుపెట్టింది.