రోడెల్ దేశపు రంగుల కోసం సోలాపూర్ దాకా

సోలాపూర్ ఎందుకు వెళ్తున్నావని చెల్లెలు అడిగితే చద్దర్ల కోసం అని చెప్పాను. నిజానికి నేను వెళ్ళింది ఒక్క గుడ్డ ముక్క కోసం, అదీ నాక్కాదు, నాతో ఓడలో పనిచేసే రోడెల్ అనే ఫిలిప్పీన్స్ మనిషికి. ఇంకో పన్నెండు రోజుల్లో సింగపూర్‌లో ఇద్దరం మళ్ళీ అదే సరుకుల ఓడ ఎక్కాలి. ఆయన బోసన్, అంటే డెక్ మీద పనివాళ్ళందరికీ మేస్త్రీ లాంటివాడు. నేను ఆయన కింద పనిచేసే నావికుణ్ణి, మాది భీమిలి. ఓడను రేవుకు కట్టేటప్పుడు చెయ్యి మందం తాళ్ళు బిగుసుకుంటాయి. ఒక్కటి తెగిందంటే అడ్డం ఉన్నవాడి కాళ్ళు పోతాయి. అక్కడ బోసన్ వేసే కేక ఒక్కటే మాకు రక్ష. అలాంటిది, కిందటి ప్రయాణంలో చివరి నాలుగు నెలలు రోడెల్ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు చెప్పాల్సింది పక్కవాడికి చెప్పేవాడు, వాడు నాకు చెప్పేవాడు. ఒకసారి ఆ మాట నా దాకా వచ్చేలోపే తాడు నా మోకాలి పక్కనుంచి విసురుగా కొట్టుకుపోయింది. ఇంకో ఎనిమిది నెలలు అలా బతకడం నా వల్ల కాదు.

అసలు గొడవేమిటో చెప్పాలి. మా ఓడ పనామాలో రిజిస్టరైంది, ఆ దేశపు జెండాది. ఆ దేశం ముఖం మాలో ఎవ్వరూ చూడలేదు. అయినా మెస్ గదిలో మాకు రెండు దేశాలు, రెండు టేబుళ్ళు. మన టేబుల్‌కి పొడి అన్నం, వాళ్ళ టేబుల్‌కి ముద్ద అన్నం. టీవీలో క్రికెటా బాస్కెట్‌బాలా అని రోజూ రభస. సరుకు గదులు కడగడంలో కూడా పందేలే, ఇండియా ఎన్ని గంటల్లో కడిగింది, ఫిలిప్పీన్స్ ఎన్ని గంటల్లో కడిగింది అని. చీఫ్ ఇంజనీరు రష్యావాడు, సెకండ్ ఇంజనీరు ఉక్రెయిన్ వాడు. నిజంగా యుద్ధంలో ఉన్నవి వాళ్ళ దేశాలు. వాళ్ళిద్దరూ ఒకే టేబుల్ దగ్గర తలలు వంచుకుని సూప్ తాగుతుంటే, ఇవతల మేం అన్నం కోసం జబ్బలు చరుచుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఓ సాయంత్రం రోడెల్ అందరి ముందూ నన్ను చూసి, "ఇండియన్లు మాట్లాడతారు, ఫిలిప్పీనోలు పని చేస్తారు" అన్నాడు. మర్నాడు పొద్దున్న మనీలా రేవు. ఏ దేశం రేవులోకి వెళ్తే ఆ దేశం జెండాను గౌరవంగా ఎగరేయడం ఓడల పద్ధతి. ఆ రోజు ఆ పని నాది. ఫిలిప్పీన్స్ జెండాలో ఎడమ పక్కన తెల్లటి త్రికోణం, పైన నీలం, కింద ఎరుపు ఉండాలి. ఎరుపు పైకి వస్తే ఆ దేశం యుద్ధంలో ఉందని అర్థం. నేను ఎగరేసిన జెండాలో ఎరుపే పైన ఉంది. అరగంట దాకా ఎవరూ చూడలేదు. ఓడను రేవులోకి నడిపించడానికి గట్టు నుంచి వచ్చిన పైలట్ చూశాడు. గట్టు మీద తండ్రి కోసం వచ్చి నిలబడ్డ రోడెల్ కూతురు కూడా చూసింది. డెక్ మీద ఏం జరిగినా బాధ్యత బోసన్‌దే కాబట్టి కెప్టెన్ ఆయనకే హెచ్చరిక కాగితం ఇచ్చాడు. రాత్రి డ్యూటీ చేసిన మత్తులో పొరపాటు జరిగిందని నేను అందరికీ చెప్పాను.

క్షమించమని అడిగితే రోడెల్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాడు. ఇలా కాదనుకున్నప్పుడు నా పడక మీది సోలాపూర్ చద్దరు గుర్తొచ్చింది. మాటలున్న రోజుల్లో ఆయన దాన్ని వేళ్ళతో నలిపి చూసి, ఇది ఎవరు నేస్తారని అడిగాడు. అందుకని, అది నేసిన నర్సయ్యగారికే ఫోన్ చేసి, జెండా ఫోటో పంపి, ఆ దేశపు రంగులతో గోడకు తగిలించుకునే గుడ్డ ఒకటి నేయమన్నాను. త్రికోణంలో ఉండే సూర్యుడు, నక్షత్రాలు వద్దన్నాను. జెండాను జెండాగానే ఉంచాలి, రంగులు చాలు. కొరియర్‌లో పంపుతానన్నాడు గానీ, ఒకసారి జెండాతో కాలిన చెయ్యి కదా, కళ్ళారా చూసుకునే తెచ్చుకుందామనుకున్నాను.

సికింద్రాబాద్ నుంచి పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికల్లా సోలాపూర్‌లో దిగొచ్చు, ఆరు గంటల ప్రయాణం. సెకండ్ సిటింగ్ చాలు గానీ, వేసవిలో వెళ్ళేవాళ్ళు కాస్త ఎక్కువ పెట్టి ఏసీ తీసుకోండి. తాండూరు దాటాక కిటికీలోంచి వచ్చే గాలి ఇంజన్ రూం గాలిలా ఉంటుంది. పన్నెండున్నరకి దిగాను. నా దగ్గర ఉన్న చిరునామా భవాని పేట్‌ది. స్టేషన్ బయట ఆటో అతను నా హిందీ వినగానే తెలుగులోకి దిగిపోయాడు.

"భవాని పేట్ కదా, కూసో అన్నా. వంద ఇయ్యి. మీది ఏ గావ్?"

"వైజాగ్ దగ్గర" అన్నాను.

"అంటే అసల్ తెలుగోళ్ళు మీరు! మమ్ములనైతే ఈడ తెలుగోళ్ళంటరు, కరీంనగర్ పోతే మరాఠోళ్ళంటరు. యాడికి పోయినా లోకల్ కాము" అని నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు.

భవాని పేట్ తెలంగాణ నుంచి ఎప్పుడో వలస వచ్చిన నేతవాళ్ళ పాత పేట. ఇరుకు సందులు, ప్రతి మూడో ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. నర్సయ్యగారి ఇంటికి తాళం వేసి ఉంది, ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్కింటావిడ చేటలో బీడీ ఆకులు కత్తిరిస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఆల్లు నీలం నగర్ పోయి ఏడాదైంది. అక్కల్‌కోట్ రోడ్ మీద దిగి అడుగు, ఎవలైన చెప్తరు." ఇంకో ఆటో, ఇంకో ఎనభై. దిగాక నీలం నగర్ గల్లీల్లో ఎండలో అరగంట తిరిగాను. భుజాన సంచీ, చంకలో ఖాళీ అయిన నీళ్ళ సీసా. పాతికేళ్ళుగా సముద్రాలు దాటుతున్నవాణ్ణి, ఇల్లు దొరక్క ఒక కిరాణా కొట్టు అరుగు మీద కూలబడ్డాను. కొట్టాయన జాలిపడి కేకేస్తే నర్సయ్యగారే వచ్చి తీసుకెళ్ళాడు.

అరవై దాటిన సన్నటి మనిషి, చెవిలో పత్తి. పవర్‌లూం పని మానేసి ఇంటి ముందు గదిలో చేతిమగ్గం పెట్టుకున్నాడు. పెద్ద గిరాకీ లేకపోయినా, ఇలా ఒక్కొక్క ముక్క నేయమని వచ్చేవాళ్ళు ఉన్నారట. ఆయన భార్య అంబుబాయి గుమ్మం దగ్గర బీడీలు చుట్టడం ఆపి నీళ్ళిచ్చింది. అడక్కుండానే రెండు జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, ఉల్లిపాయ పెట్టింది. ఓడ దిగాక నేను తిన్న మంచి భోజనాల్లో అదొకటి. డబ్బు ఇవ్వబోతే కసురుకుంది.

చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్తే, మగ్గం పక్కన తీగ మీద గుడ్డ వేలాడుతోంది. పైన ఎరుపు, కింద నీలం.

"ఉల్టా నేశారు నర్సయ్యగారూ!" అన్నాను.

"ఏంది ఉల్టా? నువ్వు పంపిన ఫోటో ఎట్లుందో బరాబర్ గట్లనే నేసిన" అన్నాడు ఆయన, మొహం గంటు పెట్టుకుని. తరవాత గుడ్డ తీసి ఇటు తిప్పాడు. ఇటువైపు పైన నీలం, కింద ఎరుపు, ఎడమ పక్కన తెల్లటి త్రికోణం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మగ్గం దగ్గర దూది నూగు ఎగురుతూ ఉంటుంది కాబట్టి నేతవాళ్ళు గుడ్డ ముఖాన్ని గోడకేసి, వీపును మనకేసి తగిలిస్తారట. పైగా ఈ నేత రెండు పొరలది. ముందు నీలం ఉన్న చోట వెనక ఎరుపు వస్తుంది, ముందు ఎరుపున్న చోట నీలం. "తెలుపొక్కటి రెండు దిక్కుల తెలుపే. దాన్నట్ల తెచ్చెతందుకే రెండు దినాలు వట్టింది" అన్నాడు.

ఊపిరి పీల్చుకున్నాను గానీ, మళ్ళీ బెంగ పట్టుకుంది. రోడెల్ దీన్ని చేతిలోకి తీసుకుని పక్కకి తిప్పి చూస్తే? మళ్ళీ ఎరుపే పైన. నా మొహం చూసి అంబుబాయి బీడీల చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది. "ఎర్రది మీదుంటే ఏమైతది బిడ్డా? గంతగనం బుగులు పడ్తున్నవ్?"

చెప్పాను. మెస్ గది, మనీలా, కూతురు, హెచ్చరిక కాగితం, నాలుగు నెలల మౌనం. నిద్రమత్తులో పొరపాటు జరిగిందనీ చెప్పాను, అలవాటైపోయిన మాట కాబట్టి తడుముకోకుండానే వచ్చింది.

నర్సయ్యగారు విని, నూలు చుట్టిన కండె చేతిలో తిప్పుతూ అడిగాడు. "ఎర్రది మీదుంటే లడాయి అని నీకు ముందుగల్ల ఎర్కనా, తర్వాత ఎర్కైందా?"

ఓడలో అంతమంది ఉన్నా ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అలసిపోయి ఉన్నాను. కొత్త అబద్ధం అల్లే ఓపిక లేదు. "ముందే తెలుసు. రోడెలే చెప్పాడు, లంగరు వేసిన రోజుల్లో" అన్నాను.

"అయితే ముద్దాం చేసినవ్. తెలిసే చేసినవ్."

"అవును."

ఆయన నన్ను తిట్టలేదు. గుడ్డ కింది అంచు పట్టుకుని పైకి తెచ్చి, తలకిందులుగా వెనక్కి తిప్పాడు. వెనకవైపూ పైకి నీలమే వచ్చింది, త్రికోణం ఎడమనే ఉంది. "పక్కకు తిప్పితే లడాయి, మీదికెళ్ళి కిందికి తిప్పితే ఏం లేదు. గిట్ల చూపెట్టు ఆయనకు" అన్నాడు, తన పనితనానికి తనే కాస్త మురిసిపోతూ.

అంబుబాయి ఊరుకోలేదు. "ఏం చూపెడ్తడయ్యా! తప్పు చేసిండు, గుడ్డ ఇచ్చి కప్పి పెడ్తాననుకుంటుండు. బిడ్డా, గుడ్డ తర్వాత ఇయ్యి. ముందుగల్ల ఖరా మాట చెప్పు, నిజం చెప్పు."

నాలుగున్నరకి గుడ్డ సంచీలో పెట్టుకుని స్టేషన్‌కి వచ్చాను. తిరుగు రైలు అయిదున్నరకి. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాను. మూడుసార్లు రికార్డు చేసి మూడుసార్లూ చెరిపేశాను. ఈ మాట పైకి వెళ్తే నా ఉద్యోగం పోతుంది, ఇంకే ఓడా ఎక్కనివ్వరు. నాలుగోసారి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మనీలాలో అది పొరపాటు కాదు, నువ్వన్న మాటకి కోపంతో తెలిసే చేశాను, నీ కూతురు గట్టు మీద ఉందని మాత్రం తెలియదు, కెప్టెన్‌కి చెప్పాలనుకుంటే చెప్పు, అని. పంపేసి కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళంతా నొప్పులు.

గుల్బర్గా దాటాక జవాబు వచ్చింది. మనీలా తరవాత ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. "నాకు ఆ రోజే తెలుసు. జెండా పై కొసకి కొయ్య బిళ్ళ, కింది కొసకి ఉచ్చు ఉంటాయి. ఎగరేసే తాడుకీ వాటికి సరిపోయేవే ఉంటాయి, బిళ్ళ ఉచ్చులో దూరిస్తే చాలు, ముడి అక్కర్లేదు. తలకిందులుగా తగిలించాలంటే రెండు చోట్లా ముడి వేయాల్సిందే. నిద్రమత్తులో ఎవరూ రెండు ముళ్ళు వేయరు. ఆ ముళ్ళు ఎవరి కంటా పడకముందే నేనే విప్పాను. పొరపాటని కెప్టెన్‌కి చెప్పింది కూడా నేనే. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."

ఆ సందేశం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఎదుటి సీటులోని పెద్దావిడ ఏమైంది నాయనా అని అడిగితే గాని నా కళ్ళు తడిశాయని తెలియలేదు. ఇండియన్లు మాట్లాడతారని ఆయన అన్నందుకు అంత రోషపడ్డానా, తీరా మాట్లాడాల్సిన ఒక్క మాట దగ్గర నేను నోరు మూసుకున్నాను. ఆయన నా ముళ్ళు విప్పి, నా తప్పు తన కాగితంలోకి రాయించుకుని, నోరెత్తకుండా ఇన్నాళ్ళూ ఆగాడు. ఏ దేశం గొప్ప అని అడిగితే నాకిప్పుడు జవాబు తెలియదు. మనిషి మాత్రం నాకంటే గొప్పవాడు. సింగపూర్‌లో గుడ్డ ఇస్తాను గానీ, ముందు ఆయన ముందు నిలబడి ఇదే మాట ముఖాముఖి చెబుతాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. భవాని పేట్ నుంచి చాలా నేత కుటుంబాలు నీలం నగర్ వైపు, కుంభారి వైపు మారిపోయాయి, కాబట్టి పాత చిరునామా నమ్ముకోకుండా బయలుదేరే రోజు పొద్దున్నే ఫోన్ చేసి మగ్గం ఎక్కడుందో కనుక్కుని, నేరుగా అక్కడికే వెళ్ళండి.